నా చేత్తోనే కడతాను

"నువ్వు కట్టడానికి వీల్లేదన్నయ్యా. నా చేత్తో నేనే కట్టాలి."

పొద్దుట్నుంచి ఆ మాట అనడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ గొంతు పెరగలేదు, తగ్గలేదు. వదినకి అదే వింతగా ఉంది. డబ్బడిగేటప్పుడు ఈ మరిది గొంతు ఎన్ని రాగాలు తీస్తుందో ఆవిడకి కంఠతా వచ్చు. ఇవాళ ఒక్క రాగమూ లేదు.

అన్న, బట్టీ మేస్త్రి, టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. పెట్టాడనడం కంటే మోదాడనాలి. గాజు బట్టీ వాళ్ళింట్లో గ్లాసు చప్పుడైతే అందరూ ముందు గ్లాసు వైపు చూస్తారు, తర్వాతే మనిషి వైపు. పగల్లేదు.

"విన్నావా వీడి మాట?" అన్నాడు పెళ్ళాం వైపు తిరిగి. "తాగుడు మాన్పించే సెంటర్లో చేరతాడట. సంతోషం. నేనొచ్చి కట్టి చేర్పిస్తానంటే మాత్రం వద్దట. మూడు నెలల అడ్వాన్సు కట్టగట్టి వీడి చేతిలో పెట్టి, మనం గుమ్మంలో నిలబడి టాటా చెప్పాలట!"

"టాటా అక్కర్లేదు," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్!"

కిటికీ దగ్గర అత్తగారు ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఇంట్లో ఎప్పుడు గొడవైనా ఆవిడకి ఉల్లిపాయలు గుర్తొస్తాయి. కళ్ళు తుడుచుకున్నా ఎవరూ ఎందుకని అడగరు.

"వాడు అడుగుతున్నది మందుకి కాదు కదరా," అంది ఆవిడ, ఉల్లిపాయతో చెబుతున్నట్టు.

"నువ్వు మాట్లాడకమ్మా. నీ తలగడే వీడికి ఏటీఎం. ఫోన్ బిల్లన్నాడు, తలగడ కింద చెయ్యి పెట్టావు. పంటి నొప్పన్నాడు, పెట్టావు. వీడికున్నవి ముప్ఫై రెండు పళ్ళే. నువ్విచ్చిన డబ్బులకి నలభై పళ్ళు పీకించి ఉండాలి."

ఇంకో రోజయితే ఆ మాటకి తమ్ముడు తిత్తి కూడా నవ్వేవాడు. ఇవాళ తల వంచుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూచున్నాడు. చేతులు వణకడం కనపడకుండా అలా కూచున్నాడని వదినకి తెలుసు.

తిత్తి అన్నది వాళ్ళ నాన్న పెట్టిన పేరు. పద్నాలుగేళ్ళప్పుడు మొదటిసారి ఊదుడు గొట్టం నోట పెట్టి ఊదితే, చివరనున్న గాజు ముద్ద ఒక్క ఊపిరికే గుమ్మడికాయంత అయిందట. "వీడివి ఊపిరితిత్తులు కాదర్రా, కొలిమితిత్తులు," అన్నాడట ఆయన. అప్పట్నుంచీ ఇంటికీ బట్టీకీ వాడు తిత్తి. వాడికి పదకొండేళ్ళప్పుడు వదిన ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. ఇప్పుడు ముప్ఫై ఏడు. మధ్యలో వాడి జ్వరాలు చూసింది, వాడి పెళ్ళి చూసింది, ఆ పిల్ల పెట్టె సర్దుకుని వెళ్ళిపోవడమూ చూసింది.

మందు మానేసిన ఈ మూడు రోజులూ చూసింది కూడా ఆవిడే. బట్టీ వెనక సామాన్ల గదిలో గోడకి తిరిగి పడుకున్నాడు. దుప్పటి పిండితే నీళ్ళు కారేంత చెమట. తాగిన నీళ్ళు తాగినట్టే కక్కుకున్నాడు. నిన్న సెంటరు డాక్టరు ఫోన్లో గట్టిగా తిట్టాడు: సొంతంగా ఇలా మానేస్తే ప్రాణం మీదికొస్తుందమ్మా, ఇంట్లో ఉంచకండి, రేపు ఒక మంచం ఖాళీ అవుతుంది, సాయంత్రం అయిదులోగా వచ్చి కడితే మీది, లేదంటే వెనకాల ఇంకా ఆరుగురున్నారు.

"పోయిన ఏడాది నువ్వే కట్టావుగా అన్నయ్యా," అన్నాడు తిత్తి. "నన్ను మూటలాగా వ్యానులో పడేశారు. నువ్వు కట్టావు, నువ్వు సంతకం పెట్టావు. నేనేం చేశాను?"

"మూడో రోజు గోడ దూకి ఒంటి చెప్పుతో వచ్చావు."

"ఎందుకొచ్చాను? చేరింది నేను కాదు గనక. నువ్వు చేర్పించిన మనిషెవరో అక్కడున్నాడు. వాణ్ణి వదిలేసి నేనొచ్చేశాను." తిత్తి తలెత్తాడు. "ఈసారి నేను నడిచి వెళ్ళాలి. డబ్బు నా జేబులో ఉండాలి. తాగడానికి డబ్బుండి, తాగకుండా వెళ్ళి కట్టాలి. అది చెయ్యలేకపోతే లోపల మూడు నెలలు పడుకుని ఏం లాభం?"

మేస్త్రి ఎడం చేతి మీదున్న మచ్చని కుడి చేత్తో రుద్దుకున్నాడు. ఎనిమిది నెలల కింద తిత్తి తాగొచ్చి గొట్టం జారవిడిచిన రోజు, కరిగిన గాజు చుక్క పడిన చోటది. ఆ రోజు నుంచి అన్నదమ్ములిద్దరూ కలిసి గొట్టం పట్టుకోలేదు. ఇవాళ్టిదాకా మాటలు కూడా ఎవరో ఒకరి ద్వారానే నడిచాయి.

"డబ్బు నా దగ్గర లేదు," అన్నాడు చివరికి. "మీ వదిన దగ్గరుంది."

గదిలో అందరూ వదిన వైపు తిరిగారు.

ఆ డబ్బు బట్టీ ఇటుకలకి. లోపలి గోడ బీటలిచ్చింది. ఇవాళ మంట ఆర్పేసి, రేపు పాత ఇటుకలు తీసి కొత్తవి పేర్చాలి. ఇటుకలు రాకపోతే బట్టీ మళ్ళీ అంటుకోదు. అంటుకోకపోతే హోటలు వాళ్ళు దీపాలకని చెప్పిన గాజు బంతులు ఇంకో బట్టీకి పోతాయి. పోయిన వారం ఆ కట్ట తెచ్చి పెళ్ళాం చేతిలో పెడుతూ మేస్త్రి అన్న మాట ఆవిడ మర్చిపోలేదు: "నా దగ్గరుంటే వాడొచ్చి అడిగితే కరిగిపోతాను. నువ్వయితే గట్టిదానివి."

గట్టిదాన్నంటే ఏమిటో ఆవిడకి ఇప్పుడు అర్థం కాలేదు. ఇవ్వడం గట్టితనమా, ఇవ్వకపోవడమా?

"చేతులు చూపించు," అన్నాడు మేస్త్రి.

తిత్తి మోకాళ్ళ మధ్య నుంచి చేతులు తీసి ముందుకి చాచాడు. గాలికి ఆకులు ఊగినట్టు ఊగుతున్నాయి.

"గ్లాసెడు నీళ్ళు ఒలకకుండా తాగలేవు. అంత డబ్బు మోస్తావా నువ్వు?"

"నీళ్ళు ఒలుకుతాయి." తిత్తి చేతులు వెనక్కి తీసుకోలేదు. "ఊపిరి ఒలకదు. బట్టీ కుండలో ఇంకా కరిగిన గాజుందిగా, మంట ఆర్పేలోపు ఒకటి ఊదనివ్వు."

"ఈ చేతులతో గొట్టం ఎలా తిప్పుతావు?"

"నేను తిప్పను. ఊదుతాను."

"మరి తిప్పేదెవరు?"

తిత్తి అన్న ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. అత్తగారి చేతిలో కత్తి కూడా ఆగింది.

మేస్త్రి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కుర్చీ పడిపోయింది. దాన్ని ఎత్తకుండానే బట్టీ వైపు నడిచాడు.

* * *

ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నా బట్టీ నోరు తెరిచినప్పుడల్లా వదినకి ఒళ్ళు జలదరిస్తుంది. లోపల మంట కనపడదు. మంట కంటే తెల్లగా ఏదో ఉంటుంది. దాని ముందు మనుషులు నల్లటి నీడలైపోతారు. వచ్చిన కొత్తలో ఆవిడ అక్కడ చెప్పులు విప్పి నిలబడేది. నిప్పురవ్వలు పడతాయే పిచ్చిదానా అని మామగారు కేకలేస్తే మళ్ళీ తొడుక్కునేది.

మేస్త్రి గొట్టం లోపల పెట్టి, కుండలోంచి గాజు చుట్టుకుని బయటికి తీశాడు. మామిడిపండంత ముద్ద, ఎర్రగా, జారిపోవాలని చూస్తోంది. గాజు ముద్దకి తిప్పుడే ప్రాణం. ఒక్క క్షణం ఆపితే చాలు, ఒక పక్కకి వేలాడిపోతుంది.

తిత్తి బల్ల చివర మోకాళ్ళ మీద కూచున్నాడు. గొట్టం నోట పెట్టుకున్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

అన్న తిప్పాడు. తమ్ముడు ఊదాడు.

మామూలుగా అయితే ఊదేవాడు వేలితో సైగ చేస్తాడు, నెమ్మదించు, ఇంకాస్త, మళ్ళీ నిప్పులో పెట్టు అని. ఇక్కడ సైగకి చెయ్యి లేదు. మేస్త్రి తమ్ముడి బుగ్గలు చూస్తున్నాడు. బుగ్గ నిండేలోపే గొట్టం నెమ్మదిస్తోంది. ఊపిరి ఆగేలోపే ముద్ద మళ్ళీ బట్టీ నోట్లో ఉంటోంది. మూడుసార్లు అలా పోయి వచ్చింది. మామిడిపండు నారింజ అయింది, కొబ్బరికాయ అయింది, ఆ తర్వాత దానికి పోలిక చెప్పడానికి వదినకి ఏ కాయా దొరకలేదు.

ఎనిమిది నెలలు ముఖముఖాలు చూసుకోని మనుషులు. ఒకడి ఊపిరి ఇంకొకడి వేళ్ళకి ఎలా తెలుస్తోంది? వదిన నోరు తెరుచుకుని చూస్తోందన్న సంగతి పెదాలు ఎండిపోయాక గానీ ఆవిడకే తెలియలేదు.

"చాలు," అన్నాడు మేస్త్రి. ఎనిమిది నెలల్లో తమ్ముడితో ఎవరినీ అడ్డం పెట్టకుండా కోపం లేకుండా అన్న మొదటి మాట.

గొట్టం నుంచి బంతిని విడగొట్టి, ఊదిన చోట మిగిలిన చిల్లు మీద ఇంకో చుక్క గాజు వేసి అదిమాడు. మూత పడింది. ఈ బంతులు చేపల వలలు మునిగిపోకుండా కట్టడానికి పుట్టినవి. ఇప్పుడు హోటళ్ళలో వేలాడుతున్నాయి. ఎక్కడ వేలాడినా లోపలుండేది ఊదినవాడి ఊపిరే. బయటికి రావడానికి దారి లేదు. మామగారు పోయి పదకొండేళ్ళయింది. ఆయన చివరగా ఊదిన ఆకుపచ్చ బంతి వంటింటి కిటికీలో తాడుతో అల్లిన వలలో వేలాడుతూ ఉంటుంది. దుమ్ము తుడిచేటప్పుడు అత్తగారు ఎవర్నీ దాని దగ్గరికి రానివ్వదు.

"అమ్మా, చూడు," అన్నాడు తిత్తి. గస పోస్తున్నాడు, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "మూడు రోజుల ఊపిరి. మందు వాసన లేదు అందులో."

అత్తగారు తలాడించింది.

బంతిని పొడవాటి కర్ర పారతో ఎత్తి మేస్త్రి నిదానం పొయ్యిలో పెట్టి ఇనుప తలుపు మూశాడు. ఆ పేరు బట్టీ వాళ్ళు పెట్టుకున్నదే. వేడి గాజుని ఒక్కసారిగా చల్లగాలికి పెడితే పగులుతుంది. అప్పుడే పగిలితే నయం. ఒక్కోసారి అప్పటికి నిక్షేపంలా ఉండి, మర్నాడో మూణ్ణాళ్ళకో ఎవరూ ముట్టుకోకుండానే ఠప్పున విచ్చిపోతుంది. అందుకే రేపు పొద్దుటిదాకా తలుపు తియ్యకూడదు. పెళ్ళయిన మొదటి వారంలో వదిన ముచ్చటపడి ఒకసారి తీసింది. పన్నెండు బంతులు పోయాయి. మామగారు ఒక్క మాట అనలేదు. పన్నెండు రోజులు ఆవిడ చేత పెంకులు ఏరించాడు.

వదిన తిన్నగా గదిలోకి వెళ్ళింది. ఇటుకల డబ్బు కాగితంలో చుట్టింది. పైన వలతాడు చుట్టి ముడేసింది. బంతులకి వలలు అల్లడం ఈ ఇంట్లో ఆవిడ పని. ఆవిడ వేసే ముడిలో తాడు లోపలికి పోయి రెండుసార్లు మెలిపడి వస్తుంది. విప్పడం ఎవరికైనా వచ్చు. మళ్ళీ అలాగే వెయ్యడం ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు.

మెట్ల మీద తిత్తి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఒక్కటడుగుతాను. నిజం చెప్పు," అంది. "దారిలో ఎన్ని మందు షాపులున్నాయి?"

"నాలుగు. మూడు దాటగలను వదినా."

"నాలుగోది?"

"సెంటర్ గేటుకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఎవడో తెలివైనవాడు పెట్టుంటాడు." నవ్వబోయాడు, రాలేదు. "అది తెలీదు. దాటతానని ఒట్టేయమంటే వేస్తాను గానీ, తెలీదు."

ఇన్నేళ్ళలో వాడు ఆవిడకి ఎన్ని ఒట్లు పెట్టాడో. తెలీదన్న మాట మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆవిడ కట్ట వాడి చొక్కా జేబులో పెట్టి బొత్తాం వేసింది. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు వేసినట్టే.

వెనక నుంచి మేస్త్రి చూస్తున్నాడు. "బట్టీ నీ చేత్తో ఆర్పావు," అన్నాడు పెళ్ళాంతో. మంట తగ్గించడానికి లోపలికి పోయాడు.

* * *

సెంటరుకి నడిచి ముప్పావు గంట. తిత్తి వెళ్ళింది పదకొండుకి.

పన్నెండున్నరకి వదిన ఫోన్ చేసింది. "ఇంకా ఎవరూ రాలేదమ్మా," అంది అవతల అమ్మాయి.

ఒకటిన్నరకి మళ్ళీ చేసింది. "వస్తే మేమే చేస్తామమ్మా," అంది ఆ అమ్మాయి. ఈసారి గొంతులో జాలి ఉంది. ఆ జాలి వదినకి కత్తిలా దిగింది.

అన్నం ఎవరూ ముట్టలేదు. మేస్త్రి బట్టీ ముందు బల్ల మీద కూచుని చల్లారుతున్న దాని నోట్లోకి చూస్తున్నాడు. తెలుపు పోయి పసుపు, పసుపు పోయి ఎరుపు. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకి. తిట్టలేదు.

"నేను చెప్పలేదా అనరేం?" అంది ఉండబట్టలేక.

"అనాలని లేదు."

"ఇటుకలు..."

"ఇప్పుడు ఇటుకల మాటెత్తకు," అన్నాడు. "వాడు ఊదుతుంటే నాకు నాన్న గుర్తొచ్చాడు. నేను ఎప్పటికీ అలా ఊదలేనే. నాకు తిప్పడమే వచ్చు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేస్త్రి ఆ మాట అనడం ఆవిడ వినలేదు. వెళ్ళి ఆయన పక్కన కూచుంది.

రెండు దాటాక లోపల్నుంచి కిర్రుమని చప్పుడయింది. ఆ చప్పుడు ఈ ఇంట్లో నిద్రలో విన్నా పోల్చుకుంటారు. ఇద్దరూ ఒక్క ఉదుటున లేచారు.

నిదానం పొయ్యి ముందు అత్తగారు నిలబడి ఉంది. ఇనుప తలుపు జానెడు తెరుచుకుని ఉంది. వదిన పరిగెత్తి తలుపు మూసింది.

"ఏం పని అత్తయ్యా ఇది!"

అరవై ఏళ్ళుగా ఈ పొయ్యి దగ్గర బతికిన మనిషి. కొత్తగా వచ్చిన పనివాళ్ళకి తలుపు తియ్యొద్దని మొదట చెప్పేదే ఆవిడ.

"వాడు రాలేదు," అంది అత్తగారు. చేతులు గాల్లోనే ఉన్నాయి. "ఫోనూ రాలేదు. అది బాగుంటే వాడూ బాగున్నట్టేనని... ఒక్కసారి చూద్దామని..."

"అమ్మా!" అన్నాడు మేస్త్రి.

"బాగానే ఉందిరా. గుండ్రంగా, నీళ్ళ రంగులో ఉంది. చూశాను."

చూస్తే తెలిసేది కాదని ఆవిడకీ తెలుసు.

* * *

మూడూ యాభైకి మెట్ల మీద అడుగుల చప్పుడయింది.

తిత్తి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పెదాలు తెల్లబడ్డాయి. మేస్త్రి లేచి రెండడుగులు ముందుకి వేసి, గాలి పీల్చాడు. ఏళ్ళ తరబడి అలవాటు. తమ్ముడు ఎదురుపడితే ముందు ముక్కు వెళ్తుంది. మళ్ళీ పీల్చాడు. చెమట వాసన తప్ప ఇంకేమీ లేదు.

తిత్తి చొక్కా బొత్తాం విప్పి, కట్ట తీసి వదిన చేతిలో పెట్టాడు.

చెమటకి కాగితం నానిపోయింది. తాడు తడిసి నల్లబడింది. ముడి మాత్రం ఆవిడ వేసినట్టే ఉంది. లోపలికి పోయి రెండుసార్లు మెలిపడి వచ్చింది. ఆవిడ బొటనవేలితో దాన్ని తడిమింది. ఒకసారి తడిమి నమ్మలేక మళ్ళీ తడిమింది.

"దాటలేకపోయాను వదినా."

"ఎక్కడున్నావురా ఇంతసేపూ?" అంది అత్తగారు.

"అక్కడే. రోడ్డు మధ్యలో. ఇటు గేటు, అటు షాపు." మెట్టు మీద కూలబడ్డాడు. "గేటు కొట్టాలంటే షాపుకి వీపు పెట్టాలమ్మా. వీపు తిప్పలేకపోయాను. తిప్పితే వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకు లాగుతున్నట్టే ఉంది. షాపువాడు బయటికొచ్చి కుర్చీ వేశాడు కూడా. కూచోలేదు. లారీవాళ్ళు హారన్ కొట్టారు, తిట్టారు. అలాగే నిలబడ్డాను. ఇంక ఇంకో నిమిషం ఉంటే షాపులోకే పోతానని తెలిసింది. వచ్చేశాను."

"వచ్చేటప్పుడు?" అన్నాడు మేస్త్రి.

"అవే మూడు. వెళ్తూ మూడు, వస్తూ మూడు."

వదిన ఆ మనిషి వంక చూస్తూ ఉండిపోయింది. తాను బొత్తాం వేసి బడికి పంపిన పిల్లాడే. తాను దుప్పటి పిండిన మనిషే. జేబులో డబ్బుతో, గొంతులో దాహంతో, నడిరోడ్డు మీద మూడు గంటలు. తానైతే నిలబడగలదా? దేని ముందైనా? బట్టీ నోరు మొదటిసారి చూసినప్పుడు ఎలా అనిపించిందో అలా అనిపించింది. చెప్పులు విప్పాలనిపించింది.

"నా వల్ల కాదు వదినా. అది నీ దగ్గరే ఉంచు. ఇటుకలు కొనుక్కోండి." తిత్తి చేతులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి అడిగాడు. "నా బంతి ఎలా ఉంది?"

మేస్త్రి గోడ వైపు తిరిగాడు. చల్లారుతోంది అంటే అబద్ధం కాదు. వదిన ఆ మాట అనడానికి నోరు కూడా తెరిచింది. చేతిలో ఉన్న ముడి ఆవిణ్ణి అననివ్వలేదు.

"నేను తలుపు తీశానురా," అంది అత్తగారు.

తిత్తి చేతులు దించాడు. ఊదేవాడికి ఆ మాటకి అర్థం ఎవరూ విడమరచనక్కర్లేదు. ముగ్గురూ వాడి ముఖం వైపు చూశారు.

"ఎంతసేపు?" అన్నాడు.

"నాలుగు లెక్కపెట్టేంత."

"ఎంత తీశావు?"

"జానెడు."

తిత్తి లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. తలుపు ముట్టుకోలేదు. కొంచెం వంగి, జ్వరం ఉన్న పిల్ల పక్కన వంగినట్టు వంగి, విన్నాడు.

"సరే," అన్నాడు. "ఇంక రేపటిదాకా ఎవరికీ తెలీదు." తల్లి భుజం మీద చెయ్యేశాడు. "ఏడవకే. నేనూ తలుపులు తీసినవాణ్ణే."

వదిన గోడ గడియారం చూసింది. నాలుగూ అయిదు. ముప్పావు గంట నడక.

ఆవిడ వాడి ముందుకి వెళ్ళి, తడిసిన కట్టని మళ్ళీ వాడి జేబులో పెట్టింది.

"వదినా, వద్దు. చెప్పాను కదా, నా వల్ల..."

"నువ్వు చెప్పింది విన్నాను. గేటు కొట్టడం నీ వల్ల కాలేదని చెప్పలేదు. వీపు తిప్పడం కాలేదన్నావు." బొత్తాం వేసింది. పొద్దున వాడెవరో తెలియక ఇచ్చింది, ఇప్పుడు తెలిసి ఇస్తోంది. తెలిసి ఇవ్వడమే ఎక్కువ భయంగా ఉంది.

మేస్త్రి గోడ వైపు నుంచి తిరిగాడు. కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"నేనొస్తా," అన్నాడు.

"అన్నయ్యా, నువ్వు కడితే..."

"నేను కట్టనురా బాబూ, ముట్టుకోను కూడా. ఇరవై అడుగులు వెనకాల నడుస్తాను. అక్కడికెళ్ళాక నీకూ షాపుకీ మధ్యలో నిలబడతాను. షాపుకి వీపు నేను పెడతా. నువ్వు గేటు చూసుకో."

తిత్తి అన్న వైపు చూశాడు. పొద్దున గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకి చూసినట్టే చూశాడు.

"లారీలు హారన్ కొడతాయి," అన్నాడు.

"కొట్టనీ. చెవులు మూసుకోవడానికి నాకు చేతులు ఖాళీనేగా."

ఇద్దరూ మెట్లు దిగారు. వీధి చివర మలుపు దగ్గర మొదటి షాపు ఉంది. తమ్ముడు ముందు, అన్న ఇరవై అడుగులు వెనక. మలుపు దగ్గర తమ్ముడు ఆగాడు. అన్న కూడా ఆగాడు. దగ్గరికి వెళ్ళలేదు. వదిన గుమ్మం చెక్క పట్టుకుంది. తర్వాత ఇద్దరూ కదిలి, మలుపు తిరిగి కనపడకుండా పోయారు.

ఇంటి వెనక బట్టీ పూర్తిగా ఆరిపోయింది. ఆవిడ ఈ ఇంటికి వచ్చాక పండగలకీ చావులకీ కూడా ఆగని హోరు ఆగిపోయి, ఇల్లు చెవిటిదైనట్టు ఉంది.

అందుకే ఆ చప్పుడు అంత స్పష్టంగా వినపడింది. నిదానం పొయ్యిలోంచి. టిక్.

"ఏమిటే అది?" అంది అత్తగారు.

"తలుపు అత్తయ్యా. ఇనుము చల్లారుతోంది."

ఇనుము చల్లారినా అదే చప్పుడు, గాజు విచ్చినా మొదట అదే చప్పుడు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ రెండూ వేలసార్లు వింది. ఇవాళ ఏది ఏదో పోల్చుకోలేకపోయింది.

అత్తగారి చెయ్యి మళ్ళీ గొళ్ళెం వైపు కదిలింది. వదిన వెళ్ళి ఆ తలుపుకి అడ్డంగా, వీపు ఆనించి నేల మీద కూచుంది. వేడి రవికెలోంచి వీపుకి తగులుతోంది. అక్కడ్నుంచి గుమ్మం కనపడుతుంది, గుమ్మంలోంచి వీధి, వీధి చివర మలుపు.

నాలుగూ ఇరవై అయింది. మలుపులోంచి ఎవరూ తిరిగి రాలేదు.

వీపు వెనకాల మళ్ళీ చప్పుడయింది. ఈసారి రెండుసార్లు.